కృష్ణపట్నం వెలుగులో బండికి క్లోజప్

హీరోయిన్ ముఖం మీద ఒక వెలుగు సరిగ్గా పడడానికి కెమేరామన్ గంటసేపు తంటాలు పడతాడు. ఆవిడ మేకప్పు చెదిరిపోతుంది, హీరోగారు మూడో కాఫీ తాగేస్తారు, నిర్మాత చేతి గడియారం వంక, ఆకాశం వంక మార్చి మార్చి చూస్తాడు. అయినా సరే, ఆ వెలుగు పడందే షాటు లేదు. మరి మీరో? కిస్తీలు కట్టి, ఆయుధపూజకి కుంకుమ బొట్టు పెట్టి, పక్కింటి కుర్రాడు సీటు మీద చెయ్యేస్తేనే విలవిల్లాడిపోయే మీ బండిని ఫొటో తీసేటప్పుడు ఎంతసేపు ఆలోచిస్తున్నారు? బండి ఆపడం, స్టాండు వెయ్యడం, నిలుచున్న చోటే ఫోను పైకెత్తి ఒక్క నొక్కు. అయిపోయింది!

మీరు పంపిన ఫొటోలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఎవరి బండి వాళ్ళదేగానీ, ఫొటో మాత్రం దాదాపు అందరిదీ ఒకటే. మిట్టమధ్యాహ్నపు ఎండ. ట్యాంకు మీద తెల్లగా మెరిసే మచ్చ. ఇంజను ఉండాల్సిన చోట నల్లటి చీకటి. హేండిల్ లోంచి మొలిచిన కరెంటు స్తంభం. వెనకాల ఎవరో అపరిచితుడు చిప్స్ తింటూ! బండిని చూస్తే ముచ్చటేస్తుంది, ఫొటోని చూస్తే జాలేస్తుంది.

అందులో ఎక్కువ భాగం నెల్లూరు వాళ్ళవి. ఆదివారం వస్తే చాలు, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం... సముద్రం ఎటుంటే బళ్ళు అటే. సినిమా వ్యాపారంలో నెల్లూరంటే విడిగా ఒక ఏరియా, పక్క జిల్లాతో కలపరు. అంత సినిమా పిచ్చి ఉన్న చోట పుట్టి, ఫ్రేము సంగతి మీకు మేం చెప్పాలా? చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాం. ఈ వారం కృష్ణపట్నానికి పోదాం రండి. అక్కడ కుదిరింది మిగతా ఏ తీరంలో అయినా కుదురుతుంది.

మొట్టమొదట సూర్యుడి సంగతి తేల్చుకోవాలి. మనది తూర్పు తీరం. సముద్రం తూర్పున ఉంది. ఇది మూడో తరగతి పుస్తకంలోదే, కానీ కెమేరా పట్టుకోగానే అందరూ మర్చిపోయేది కూడా ఇదే. పొద్దున్నే పోయారనుకోండి, సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. బండిని నీళ్ళకి ముందు నిలబెట్టి తీస్తే వెలుగంతా బండి వెనకాల ఉంటుంది. మీ కెంపు రంగు ట్యాంకు, మెరుగు పెట్టిన సైలెన్సరు, అన్నీ నల్ల నీడ. నీడే కావాలనుకుంటే దానికంటే మంచి సమయం లేదు. స్క్రీన్ మీద ఆకాశం దగ్గర వేలు పెట్టి, వెలుగు తగ్గించే గీతని కిందికి లాగండి. బండి కత్తిరించిన నల్లకాగితంలా, ఆకాశం నారింజరంగులో నిలుస్తుంది. కానీ ఒక షరతు. నీడబొమ్మలో ఆకారమే ప్రాణం కాబట్టి బండి పూర్తిగా పక్కకి తిరిగి ఉండాలి. చక్రాల్లోంచి, హేండిల్ సందుల్లోంచి ఆకాశం కనబడాలి. ఏటవాలుగా పెట్టారో, అది బండో బర్రెో తెలియదు!

రంగు కావాలి, సముద్రమూ కావాలి అనుకుంటే సాయంత్రం పోవాలి. అప్పుడు సూర్యుడు మీ వీపు వెనక, ఊరి మీదుగా దిగుతుంటాడు. ఆ వాలు వెలుగు సూటిగా వచ్చి బండి మీద పడుతుంది, దాని వెనక సముద్రం నీలంగా కూర్చుంటుంది. పడమటి తీరంలో ఉన్న గోవా వాడికి సాయంత్రం సముద్రంలో సూర్యాస్తమయం దొరుకుతుందిగానీ, మనకి దొరికే ఈ వెలుగు ఆ వేళ దొరకదు. వాళ్ళ ఫొటోలు చూసి వాళ్ళలాగే సాయంత్రం నీడబొమ్మ తియ్యాలని కృష్ణపట్నంలో సముద్రం వైపు తిరిగి కూర్చుంటే, సూర్యుడు మీ వెనకనుంచి చెప్పకుండా వెళ్ళిపోతాడు.

డిసెంబరులో అయితే సాయంత్రం ఆరు కాకుండానే దిగిపోతాడు. జూన్ లో ఆరున్నర దాకా ఉంటాడు. దిగడానికి ముందు నలభై నిమిషాలు, దిగిన తర్వాత ఒక పావుగంట, ఇదీ మీ కాల్షీటు. దీన్నే సినిమావాళ్ళు మేజిక్ అవర్ అంటారు. నెస్టర్ అల్మెండ్రోస్ అనే ఛాయాగ్రాహకుడు 'డేస్ ఆఫ్ హెవెన్' (1978) సినిమాలో చాలా భాగం ఈ కాస్త సమయంలోనే, రోజుకి కొంచెం కొంచెంగా తీసి ఆస్కార్ కొట్టేశాడు. పగలంతా యూనిట్ మొత్తం ఎదురు చూడడం, సాయంత్రం ఉరుకులు పరుగులు! మీకు యూనిట్ లేదు, బత్తా ఖర్చు లేదు. ఒక గంట ఆలస్యంగా బయల్దేరితే చాలు.

వానాకాలం మాటేమిటి అంటారా? నెల్లూరికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య ఋతుపవనాలతో వస్తాయి. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు ఇంట్లోనే ఉండండి, అది వేరే మాట. కానీ మబ్బు పట్టి, వాన వెలిసిన రోజుని మాత్రం వదులుకోకండి. ఆకాశమంతా ఒక పెద్ద తెల్లటి గుడ్డ కట్టినట్టు వెలుగు మెత్తగా దిగుతుంది. క్రోమ్ మీద మచ్చలు పడవు, ఇంజను రెక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. సుబ్రతా మిత్రా 'అపరాజితో' (1956)కి సెట్టు పైన గుడ్డ కట్టి, దీపాల వెలుగు దానికి కొట్టి కిందికి దింపింది ఈ మెత్తదనం కోసమే. మీకు ఆ గుడ్డని వరుణదేవుడే కట్టిపెడుతున్నాడు.

ఎండ ఉన్న రోజు ఇంజను నల్లగా వస్తోందన్న ఫిర్యాదు అందరిదీ. దానికి మందు కృష్ణపట్నం దారిలోనే ఉంది. ముత్తుకూరు చుట్టుపక్కల ఎటు చూసినా రొయ్యల గుంటలు. రొయ్యలకి ఐసు వేసి పెట్టే తెల్లటి థర్మోకోల్ పెట్టెలు చూసే ఉంటారు. ఒక మూత సంపాదించండి. ఫ్రేములో పడకుండా, ఎండ వచ్చే వైపుకి ఎదురుగా కింద పట్టుకుంటే వెలుగు దానికి తగిలి ఇంజను మీదకి మళ్ళుతుంది. సినిమా షూటింగుల్లో లైట్‌బాయ్ ఎండలో నిలబడి పట్టుకునేది కూడా థర్మోకోలే. కాకపోతే ఆ మూత కడిగి తీసుకెళ్ళండి. వాసన ఫొటోలో పడదుగానీ, వెనక కూర్చునే స్నేహితుడు తిరుగు ప్రయాణంలో మీతో మాట్లాడడు.

ఇక కెమేరా ఎత్తు. మీరు నిలబడి తీస్తున్నారు, అందుకే మీ బండి కూర్చున్నట్టు కనబడుతోంది. హీరో ఎంట్రీ షాటు ఏ సినిమాలో అయినా గుర్తు తెచ్చుకోండి. కెమేరా ఎక్కడుంటుంది? కింద! మీరూ ఒక మోకాలు నేలకి ఆనించండి. చక్రం ఇరుసు ఎత్తుకీ హెడ్‌లైటు ఎత్తుకీ మధ్యలో ఫోను పెట్టండి. బండికి ఒక్కసారిగా ఠీవి వస్తుంది. సముద్రం గీత హెడ్‌లైటుని అడ్డంగా కొయ్యకుండా, ట్యాంకుకి పైనో కిందో ఉండేలా సర్దుకోండి. ఆ గీత వంకరగా ఉంటే మాత్రం సముద్రం మొత్తం ఒక పక్కకి ఒలికిపోతున్నట్టుంటుంది. చూడడానికి కళ్ళు తిరుగుతాయి.

దగ్గరికి పోయి తీస్తే ముందు చక్రం గుమ్మడికాయంత, వెనక చక్రం నిమ్మకాయంత వస్తుంది. ఫోను కటకాల గుణం అది. ఏడెనిమిది అడుగులు వెనక్కి వెళ్ళి, రెండింతలు దగ్గరికి లాగే లెన్సు ఉంటే దాంతో తియ్యండి. వెనక మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ జోలికి మాత్రం పోవద్దు. మనిషి ముఖానికి అది పనికొస్తుందేమోగానీ, బండికి బ్రేకు వైర్లని, చక్రం పుల్లల్ని సగం మింగేస్తుంది. అద్దం కాడ లేకుండా గాలిలో తేలుతున్న బండి ఫొటోలు ఈ వారం చాలానే వచ్చాయి.

బండికి ఏది అందమైన పక్క? ఇక్కడ హీరోయిన్లకీ బళ్ళకీ పోలిక ఉంది. పాతకాలం నాయికల్లో కొందరు తమకి నచ్చిన పక్కనుంచే క్లోజప్ తియ్యనిచ్చేవారట. మన బళ్ళలో చాలావాటికి సైలెన్సరు కుడి పక్కన, చైను ఎడమ పక్కన ఉంటాయి. నన్నడిగితే కుడి పక్కదే పట్టపురాణి హోదా. కానీ పక్క స్టాండు ఎడమ వైపు ఉండడంతో బండి అటు వాలుతుంది, కుడినుంచి చూస్తే మనమీద అలిగి మొహం తిప్పుకున్నట్టుంటుంది. నడిమి స్టాండు ఉంటే అదే వెయ్యండి. ముందు చక్రాన్ని కెమేరా వైపు కొంచెం, కొంచెమే, తిప్పండి. బండి మిమ్మల్ని పలకరిస్తుంది.

ఇసుకలో స్టాండు దిగబడి బండి పడిపోవడం ఈ తీరంలో రోజూ జరిగే భాగోతమే. స్టాండు కింద పెట్టడానికి ఒక బల్లపరుపు రాయో, చెక్కముక్కో డిక్కీలో వేసుకోండి. అది ఫొటోలో కనబడకుండా నాలుగు వేళ్ళతో ఇసుక కప్పెయ్యండి. బండి మీద వేలిముద్రలు, ట్యాంకులో మీ నీడ చూసుకోండి. అద్దంలాంటి ట్యాంకు ఉన్నవాళ్ళు గళ్ళచొక్కా వేసుకుపోతే ట్యాంకు మీదా గళ్ళే! ఇంకోటి, సముద్రపు గాలికి ఉప్పుతేమ వచ్చి ఫోను కంటికి పొరలా పట్టేస్తుంది. ప్రతి నాలుగు ఫొటోలకి ఒకసారి ఉతికిన నూలుగుడ్డతో తుడవాలి. ఫొటో మసకగా వచ్చిందని ఫోను మార్చేసిన వాళ్ళున్నారు. తుడిస్తే సరిపోయేది.

బండి పొడుగ్గా, అడ్డంగా ఉండే వస్తువు. దాన్ని నిలువు ఫ్రేములో ఇరికించకండి. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' (1974)కి వి.ఎస్.ఆర్. స్వామిగారు కెమేరా పట్టారు. స్కోపు తెర వచ్చాక మన్యం కొండలకి చోటు దొరికింది, జనసమూహానికి ఊపిరాడింది. మీ ఫోనుని అడ్డంగా తిప్పితే అదే స్కోపు. బండిని ఒక పక్కకి జరిపి, మిగతా మూడొంతులు ఖాళీ తీరానికి వదిలి చూడండి. బండి ఎటు చూస్తోందో అటు ఖాళీ ఉంచాలి. అప్పుడు అది ఎక్కడికో పోబోతున్నట్టుంటుంది. వెనక ఖాళీ వదిలి ముందు మూసేస్తే గోడకి గుద్దుకున్నట్టుంటుంది.

ఇంతవరకూ బండి సోకులు. ఇప్పుడొక ఉత్తరం సంగతి చెప్పాలి. నెల్లూరు నుంచే, పేరు వెయ్యొద్దన్నాడు. "అన్నా, మా నాయన దగ్గర ఆరెక్స్ హండ్రెడ్ ఉండాది. నేను పుట్టకముందు కొన్నాడు. ఇప్పుడు కాళ్ళ నొప్పులతో కిక్కు కొట్టలేకపోతున్నాడు. సామాన్లు దొరకవు. నెలాఖరుకి ఇచ్చేస్తానంటున్నాడు. అమ్మొద్దంటే ఇనడంలేదు. కృష్ణపట్నం తీసకపోయి మంచి ఫొటో ఒకటి తీయాలని నాకుంది. మా నాయన ఫొటోలకి నిలబడడు. ఎట్టా తీయాల?"

తమ్ముడూ, యమహా ఆరెక్స్ 100 మన దేశంలోకి 1985లో వచ్చింది, 1996లో తయారీ ఆగిపోయింది. ఆగిపోయిన ఇరవై రెండేళ్ళకి, 2018లో, దాని పేరే పెట్టుకుని ఒక తెలుగు సినిమా వచ్చి ఆడిందంటే ఆ బండి మీద ఈ కుర్రకారుకున్న మోజు ఏపాటిదో చూడు. కాబట్టి బండి మొత్తం కనబడే ఫొటో ఒకటి తియ్యి, తప్పదు. కానీ నీకు కావాల్సింది అది కాదనుకుంటాను. ఆరెక్స్ ఫొటోలు లోకంలో కొల్లలు. మీ నాయన ఆరెక్స్ ఒక్కటే.

అందుకని ముందు రోజు రాత్రి బండి చుట్టూ ఒకసారి నిదానంగా తిరుగు. ఇన్నేళ్ళు ఆయన మోకాళ్ళు రాసుకున్న చోట ట్యాంకు రంగు పోయి ఉంటుంది. కిక్కు రాడ్డు రబ్బరు ఒక పక్కే అరిగి ఉంటుంది. ఎడమ పిడి కంటే కుడి పిడి నున్నగా ఉంటుంది. నిన్ను బడికి తీసుకెళ్ళినప్పుడు ట్యాంకు మీద కూర్చోబెట్టి ఉంటే, నువ్వు కాళ్ళు ఆనించిన చోట గీతలు ఉండొచ్చు. వీటిని క్లోజప్ తియ్యి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఫొటో. పాలిష్ కొట్టించకు! అమ్మేముందు మెరుగు పెట్టిస్తే ఎక్కువ ధర వస్తుందని ఎవరో సలహా ఇస్తారు, వినకు. కనీసం ఫొటోలు అయ్యేదాకా వినకు. హీరోకి మేకప్పు వెయ్యొచ్చు, తండ్రి పాత్రకి వేస్తే బాగుండదు.

ఇక మీ నాయన. ఫొటోకి నిలబడు నాయనా అంటే ఏ తండ్రీ నిలబడడు. నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పోలీసుస్టేషన్లో నిలబడ్డట్టు నిలబడతాడు. పని చెప్పు. 'నాయనా, స్టార్ట్ కావడంలేదు, ఒకసారి చూడు' అను. ఇక నీ వైపు చూడడు. వంగి పెట్రోలు మూత తిప్పుతాడు, చోకు లాగుతాడు, ప్లగ్గు క్యాప్ చేత్తో నొక్కి చూస్తాడు. ఆయన చెయ్యి ఆ బండి మీద ఎలా కదులుతుందో నీకు తెలుసు, ఫోనుకి తెలియదు. అది తెలిసేదాకా వరసగా నొక్కుతూ ఉండు. మీట మీద వేలు తియ్యకుండా పట్టుకుంటే పదులకొద్దీ ఫొటోలు పడతాయి, తర్వాత ఏరుకోవచ్చు. కాలునొప్పి ఉంది కాబట్టి కిక్కు మాత్రం నువ్వే కొట్టు. ఆయన పక్కన నిలబడి 'అట్టా కాదురా' అంటారు చూశావా, ఆ ముఖం కావాలి నీకు.

స్టార్టయ్యాక పొగ వస్తుంది. రెండు స్ట్రోకుల బండి పొగ అది, పెట్రోలుతో పాటు నూనె కూడా కాలుతుంది కాబట్టి తెల్లగా, నీలంగా లేస్తుంది. దాన్ని ఫొటోలో పట్టడం ఒక చిన్న విద్య. పొగ కనబడాలంటే వెలుగు దాని వెనకనుంచి రావాలి, అడుగున నలుపు ఉండాలి. సాయంత్రం అయిదుంబావు తర్వాత, తీరం వెంట సరుగుడు తోట ఉన్న చోట బండి ఆపి, ఈసారి సముద్రానికి వీపు పెట్టు. ఎదురుగా సరుగుడు మానుల చీకటి, వాటి సందుల్లోంచి దిగుతున్న సూర్యుడు. ఆ నలుపు ముందు పొగ వెండిలా వెలుగుతుంది, మీ నాయన భుజం అంచున ఒక బంగారు గీత పడుతుంది. 'గీతాంజలి' (1989)లో పి.సి. శ్రీరామ్ ఊటీ మంచుని చూపింది ఇలాంటి ఎదురువెలుగుతోనే కదా! పొగ ఒకటి రెండు నిమిషాలే దట్టంగా ఉంటుంది, ఇంజను వేడెక్కితే పలచబడిపోతుంది. కాబట్టి ఫ్రేము అంతా ముందే సర్దుకుని, అప్పుడు చోకు లాగమను. అక్కడే, ఒక్క అడుగు కదలకుండా వెనక్కి తిరిగితే సముద్రం వైపు ఫొటోకి వెలుగు సిద్ధంగా ఉంటుంది. ఒక చోటు, రెండు సినిమాలు.

ఆయన బండి ఎక్కి ఒక్క చుట్టు తిరుగుతానంటే వద్దనకు. వీపు వైపునుంచి, దూరంగా, రోడ్డు మీద చిన్నగా అయ్యేదాకా తియ్యి. అన్ని ఫొటోల్లోకి అదే నిలుస్తుందని నా పందెం.

సరే. బండి కదులుతుండగా తియ్యడం గురించి అడిగినవాళ్ళు చాలామంది. ఇక్కడ కాస్త గొంతు పెంచాల్సి వస్తుంది. తెర మీద హీరో బండి నడుపుతూ కెమేరాలోకి చూసి నవ్వినప్పుడు, ఆ కెమేరా ఆయన చేతిలో ఉండదు. ముందు పోతున్న వ్యానులో ఉంటుంది. రోడ్డుకి అటూ ఇటూ మనుషుల్ని పెట్టి ఆపి ఉంటారు. 'తేనెమనసులు' (1965)లో కొత్త హీరోగా వచ్చిన కృష్ణగారు స్కూటరు మీద కారుని వెంటాడిన ఘట్టం ఎంతో పేరు తెచ్చింది. ఆ ఘట్టమే ఆయనకి 'గూఢచారి 116' (1966) తెచ్చిపెట్టిందని ఇప్పటికీ చెబుతారు. అది ఒక్క షాటు, చుట్టూ యూనిట్ ఉంది. మీరు ఒక చేత్తో యాక్సిలరేటరు, రెండో చేత్తో ఫోను పట్టుకుని ముత్తుకూరు రోడ్డెక్కితే అది స్టంటు కాదు. నడుపుతూ చేతిలో ఫోను వాడడాన్ని 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం ప్రమాదకరమైన డ్రైవింగ్‌గానే లెక్కవేస్తోంది. జరిమానాయే కాదు, జైలు కూడా రాసి ఉంది.

పైగా ఆ రోడ్డు మామూలు రోడ్డా? కృష్ణపట్నంలో కొత్త రేవు 2008లో మొదలైంది, 2020లో అదానీ వాళ్ళ చేతికి వచ్చింది. దగ్గర్లోనే నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లతో థర్మల్ కేంద్రం. వాటికి తగ్గట్టే లారీలు, ట్రెయిలర్లు రాత్రీ పగలూ. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, పొద్దున నెల్లూరు నుంచి వచ్చేటప్పుడు మీరు తూర్పుకి వస్తారు, సూర్యుడు కళ్ళల్లో. సాయంత్రం తిరిగి పోయేటప్పుడు పడమరకి పోతారు, మళ్ళీ సూర్యుడు కళ్ళల్లోనే. మంచి ఫొటోలకి మేం చెప్పిన రెండు వేళలూ నడపడానికి చెడ్డ వేళలే. హెల్మెట్ అద్దం గీతలు పడి ఉంటే ఎదుటి లారీ ఆ మెరుపులో మాయమైపోతుంది. కొత్త అద్దం వేయించుకోండి, ఫోనుకి వేయించే గాజుకన్నా అది ముఖ్యం.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది మాత్రం ఇంకోటి. రోడ్డు వారన బండి పెట్టి ఫొటో తీసేవాడు, బండి మొత్తం ఫ్రేములో పట్టడంలేదని, స్క్రీన్ వైపు చూస్తూనే ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఇంకో అడుగు. ఆ మూడో అడుగు తారు మీద పడుతుంది. అతని చెవిలో గాలిహోరు, కంటిముందు బండి, వెనక నలభై టన్నుల బొగ్గు. బండి నడిపేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకునే కుర్రాళ్ళు కూడా, దిగి ఫొటో తీసేటప్పుడు రోడ్డు మీద ఉన్నామన్న సంగతే మర్చిపోతారు. అవుట్‌డోర్ షూటింగులో ఒక అసిస్టెంటు పనే జనాన్ని, బళ్ళని చూసుకోవడం. మీలో ఒకడు తీస్తుంటే ఇంకొకడు రోడ్డు చూడాలి, వాడు ఫోను జేబులో పెట్టుకోవాలి. ఒంటరిగా పోతే పెద్ద రోడ్డు మీద అసలు ఆపకండి. రొయ్యల గుంటల మధ్య పల్లె రోడ్లు ఎన్ని లేవు! గుంటల్లో నీళ్ళు చిమ్మే ఏరేటర్లు, గట్టు మీద బండి, నీళ్ళలో దాని నీడ. పెద్ద రోడ్డు మీద దొరికేదేమిటి, డివైడరు!

కదిలే బండిని పట్టాలంటే ఆ పల్లె రోడ్డు మీదే చెయ్యండి. స్నేహితుణ్ణి గంటకి ముప్ఫై కిలోమీటర్ల వేగంతో మీ ముందునుంచి అడ్డంగా పొమ్మనండి. మీరు రోడ్డు దిగి నిలబడి, ఫోనులో ప్రో మోడ్ ఉంటే షట్టరుని సెకండులో ముప్ఫయ్యో వంతుకో అరవయ్యో వంతుకో దించి, నడుముతో సహా తిరుగుతూ బండిని వెంబడించి నొక్కండి. నొక్కాక కూడా తిరగడం ఆపకూడదు, బ్యాటు ఊపినట్టు చివరిదాకా పోవాలి. చెట్లన్నీ గీతలైపోయి బండి ఒక్కటే నిలుస్తుంది. ఇరవై తీస్తే ఒకటి కుదురుతుంది. ఆ ఒకటి చూసి మీ స్నేహితుడు, తాను ముప్ఫైలో పోయానని ఎవరికీ చెప్పడు.

రేవు విషయం. ఓడలు, క్రేన్లు బ్రహ్మాండంగా కనబడతాయి నిజమే. కానీ గేట్ల దగ్గర, కంచెల దగ్గర కెమేరా తియ్యకండి. అవి కాపలా ఉన్న చోట్లు. సెక్యూరిటీ అతను వద్దంటే 'సరే అన్నా' అని బండి తిప్పడమే మర్యాద. దూరంనుంచి, చీకటి పడే వేళ, క్రేన్ల దీపాలు వెలిగాక, వాటిని వెనకాల చిన్నగా పెట్టుకుంటే చాలు. థర్మల్ చిమ్నీ కూడా అంతే. మీ తలలోంచి మొలవకుండా ఒక పక్కకి తొలగి నిలబడండి. డ్రోన్ ఎగరేస్తామన్నవాళ్ళకి ఒకే మాట, 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎక్కడ అనుమతి కావాలో మ్యాపులో చూపిస్తారు, అది చూడకుండా పెట్టె తెరవొద్దు.

పాలెంలో పడవల మధ్య బండి పెట్టి తియ్యాలని చాలామందికి సరదా. ఆ రంగురంగుల పడవలు, ఇసుక మీద ఆరేసిన వలలు... నిజంగా బాగుంటాయి. కానీ వల మీదనుంచి బండి పోనిచ్చారంటే వేల రూపాయల సరుకు తెగుతుంది, ఒక మనిషి వారం రోజుల పని పోతుంది. ముందు దిగి, 'అన్నా, ఈడ బండి పెట్టి ఒక ఫొటో తీసుకోమా?' అని అడగండి. సాధారణంగా కాదనరు. ఒక్కోసారి ఆయనే వచ్చి బండెక్కి కూర్చుంటాడు. ఆ ఫొటో మీ సోలో ఫొటో కన్నా బాగుంటుంది, నేను హామీ. తీశాక ఆయన ఫోనుకి పంపండి. పంపిస్తామని చెప్పి పంపకపోవడం పట్నపు కుర్రాళ్ళకి అలవాటైపోయింది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంకో అతిథులు వస్తారు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెట్టే కాలం అది. ఈ తీరమంతా వాటి పురిటిల్లే. ఆ నెలల్లో అలల వారన బండి తోలడం, చీకట్లో హెడ్‌లైటు వేసి ఇసుక మీద ఫొటోలు తియ్యడం మానుకోండి. చక్రం కింద గుడ్లు నలుగుతాయి, పిల్లలేమో వెలుగుని చూసి సముద్రం అనుకుని ఇటు నడిచొస్తాయి. గట్టి నేల మీద, సరుగుడు నీడన బండి పెట్టుకుంటే ఫొటోకి ఏం తక్కువ?

ఇంటికొచ్చాక ఆ ఫొటోలకి రంగులు దట్టించడం మొదలెడతారు. ఆకాశం ఊదా, ఇసుక నారింజ, బండి పచ్చ! ఈస్ట్‌మన్ కలర్ రోజుల్లో గోడపోస్టరు గీసిన ఆర్టిస్టులు కూడా ఇంత సాహసం చెయ్యలేదు. నిలువు గీత సరిచెయ్యండి, నీడల్ని కొంచెం లేపండి, అక్కడితో చెయ్యి తీసెయ్యండి. బాలు మహేంద్ర కెమేరాతో వచ్చిన 'శంకరాభరణం' (1980) ఇవాళ చూసినా ఆ గోదావరి వెలుగు వెలుగులాగే ఉంటుంది, రంగులాగా ఉండదు. లేదంటే ఒకటి రెండు నలుపు తెలుపులో పెట్టి చూడండి. 'మరోచరిత్ర' (1978) రంగుల కాలంలో వచ్చిన నలుపు తెలుపు సినిమా. ఆ విశాఖ సముద్రానికి రంగు లేదని అప్పుడెవరూ టిక్కెట్టు వాపసు అడగలేదు.

నచ్చిన ఒక్క ఫొటోని కాగితం మీద వేయించండి. ఎనిమిది అంగుళాలకి పన్నెండు, మెరుపు లేని కాగితం. వెనక పెన్సిలుతో తారీకు, ఊరు, బండి మోడలు రాయండి. నెల్లూరు తమ్ముడు మాత్రం రెండు కాపీలు వేయించాలి. రెండోది బండి కొనుక్కున్న మనిషికి. పాత బండి కొనేవాడు, దాన్ని ఇన్నాళ్ళు తోలిన మనిషి ముఖం చూసి ఉంటే సర్వీసింగ్ దగ్గర కక్కుర్తి పడడు.

అన్నట్టు, సముద్రం నుంచి వచ్చిన రోజు రాత్రే బండిని మంచినీళ్ళతో కడగండి. చైను, రిమ్ములు, సైలెన్సరు అడుగు, స్టాండు స్ప్రింగు, ఇవి ఉప్పుకి ఇష్టమైన చోట్లు. ఇంజను చల్లబడ్డాకే నీళ్ళు పొయ్యాలి. ఆరాక చైనుకి నూనె. అలిసిపోయాం రేపు చూద్దాం అనుకున్నవాళ్ళ బళ్ళు, మాకొచ్చిన ఫొటోల్లో తుప్పుతో సహా చక్కగా కనబడుతున్నాయి.

వచ్చేవారం: హైవే మీద రాత్రి ఫొటోలు. అడ్డంగా తీసినవే పంపండి, నిలువువి పంపితే నిలువునా చించేస్తాం!